మ్యాన్‌హోల్ పక్కన మంచం

పెద్దనాలా బస్తీలో మాసమ్మ ఇంటికి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళిన వాళ్ళు లేరు. పాలుంటే చాయ్ ఇస్తుంది. పాలు విరిగిపోయిన రోజున బెల్లం ముక్కా చెంబెడు నీళ్ళూ ఇస్తుంది. అవి కూడా లేకపోతే అడిగిన ప్రశ్నకు జవాబైనా ఇస్తుంది. ఆ చివరిదాని కోసమే యూనివర్సిటీ వాళ్ళు ఆమె గడప ఎక్కువగా తొక్కేవారు.

వాళ్ళు ఆ బస్తీనే ఎందుకు పట్టుకున్నారంటే, అది దగ్గర. పేదలు నగరంలో ఎక్కడెక్కడో ఉంటారు గాని, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక నాలా ఒడ్డున ఉన్న పేదల దగ్గరికి బస్సు దిగి నడుచుకుంటూ రావచ్చు. పేదరికాన్ని కొలిచేసి, చిక్కడపల్లిలో దోసె తిని, పొద్దు గూకకముందే ఇల్లు చేరవచ్చు. అందుచేత హైదరాబాదు పేదల ఆరోగ్యం గురించి పెద్ద పెద్ద సభల్లో ఏం చదివినా, అందులో సగం మాసమ్మ గల్లీ ఆడవాళ్ళు చెప్పినదే. ఆ సంగతి సభల వాళ్ళకూ తెలియదు, గల్లీ వాళ్ళకూ తెలియదు.

పైగా మాసమ్మ మధ్యాహ్నం ఇంట్లో దొరికే పేదరాలు. అట్లాంటి వాళ్ళు తక్కువ. ఆమెది మక్తల్ అవతల చిన్న ఊరు. వానలు మొహం చాటేసిన ఏడు భర్త తిమ్మయ్యతో పాటు పట్నం వచ్చి, చిక్కడపల్లి చౌరస్తాలో కూలి అడ్డా మీద నిలబడింది. నారాయణగూడలో ఆమె తలమీద ఇటుకలు మోసిన అపార్టుమెంట్లు చాలానే ఉన్నాయి. ఇప్పుడు వాటిలోకి పోవాలంటే వాచ్‌మన్‌కు పేరు చెప్పాలి. మోకాళ్ళు అరిగాక ఆ పని మానేసి, అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది. పొద్దున తోముడు, రాత్రి తోముడు. మధ్యలో ఇల్లు, మనవడు, సర్వేలు.

మర్యాద ఎక్కువైన మనిషి సర్వేకు పనికిరాదని ఏ పుస్తకంలోనూ రాయలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎర్రటి ఎండలో నడిచొచ్చిన పిల్ల "దోమతెర వాడుతరా అమ్మా" అని ఆశగా అడిగితే, లేదనడానికి మాసమ్మకు నోరు రాలేదు. వాడుతామంది. దగ్గు మీద పరిశోధన చేసే అబ్బాయి వచ్చినప్పుడు అతని మొహం చూసి ఒక దగ్గు ఇచ్చింది. అతను సంతోషంగా రాసుకుంటూ ఉంటే మనసు ఒప్పక ఇంకోటి ఇచ్చింది. మద్యపానం వాళ్ళు వచ్చినప్పుడు, పండక్కో పబ్బానికో కల్లు ముట్టే తిమ్మయ్యను వారానికోసారి తాగించింది. ఆ మరుసటేడు వచ్చిన వాళ్ళు ఇంకా దిగులుగా కనపడ్డారు. వాళ్ళ కోసం రోజూ తాగించింది. ఆ మాట గోడ అవతలి నుంచి విన్న తిమ్మయ్య రాత్రి అన్నం ముందు కూర్చుని, "నేను తాగంది గూడ తాగిపిచ్చినవ్ గదనే, ఆ పైసలన్న ఇయ్యి" అన్నాడు.

ప్రశ్న కింద అయిదు జవాబులు చదివి ఒకటి ఎంచుకోమనే పద్ధతి కూడా ఆమెకు కొట్టిన పిండి. చాలా ఎక్కువ, ఎక్కువ, మధ్యరకం, తక్కువ, అస్సలు లేదు. మొదటిది చెబితే ఏడుపుగొట్టుది అనుకుంటారు. చివరిది చెబితే పొగరు అనుకుంటారు. అందుకని దేనికైనా రెండోదో మూడోదో చెప్పి, ఎదుటివాళ్ళ కలం ఆగకుండా చూసేది.

ఇట్లా సాగిపోతున్న విజ్ఞాన శాస్త్రానికి 2012 ఎండాకాలంలో ఒక బోరు లారీ అడ్డం వచ్చింది. అది రివర్సు తీసుకుంటూ గల్లీ మొదట్లో ఉన్న మ్యాన్‌హోల్ మూత మీదికి ఎక్కింది. సిమెంటు మూత రెండు ముక్కలై లోపల పడింది. లారీ వెళ్ళిపోయింది. గుంత మిగిలింది. పంక్చర్ల బాలప్ప దాని మీద ఒక పాత టైరు పడేశాడు. ఎవరో వేపకొమ్మ గుచ్చారు, ఇంకెవరో దానికి ఎర్ర గుడ్డ కట్టారు. ఈ నగరంలో మూడూ జరిగాయంటే మరమ్మతు పూర్తయినట్టే లెక్క.

మాసమ్మకు మాత్రం అది పూర్తయినట్టు అనిపించలేదు. ఎందుకంటే అదే నెలలో ఆమె మనవడు చింటు నడక నేర్చాడు. కూతురు మంగ వాణ్ణి తల్లికి అప్పజెప్పి సెంట్రింగు పనికి పోతుంది. అటు ఇల్లుంది, ఇటు గుడి మెట్లున్నాయి, బాలప్ప దుకాణంలో గాలి కొట్టే మిషనుంది. చింటు పాదాలు మాత్రం గుమ్మం దిగగానే సూటిగా ఆ ఎర్ర గుడ్డ వైపే తిరిగేవి. గుడ్డ గాలికి ఊగుతుంది, టైరు నడిమి నుంచి నీళ్ళ చప్పుడు వస్తుంది. ఏడాది నిండిన మనిషికి అంతకంటే ఏం కావాలి? మాసమ్మ పాత చీర పీలిక వాడి నడుముకు కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేసి పొయ్యి దగ్గరికి పోయేది. అయినా బియ్యం ఏరుతున్నా, కండ్లు మూసుకున్నా, ఆమె చెవి ఆ ముడి కోడును లాగే చప్పుడు మీదే ఉండేది.

ఆఫీసులకు తిరిగింది. ఒక ఆఫీసులో కింది పైపు తమదేగాని పైన మూత తమది కాదన్నారు. రెండో ఆఫీసులో మూత తమదేగాని, పైపు వాళ్ళు చెప్పకుండా మూసేస్తే పద్ధతి కాదన్నారు. రెండు చోట్లా మంచిగానే మాట్లాడారు. ఆ తర్వాత ఆమె ఇంటికొచ్చిన ప్రతి సర్వే వాళ్ళకూ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు శ్రద్ధగా విని, కాగితం అడుగున 'ఇతరములు' అని ఉన్న చోట రాసుకునేవారు. ఆ జాగా బొటనవేలి గోరంత ఉంటుంది. మ్యాన్‌హోల్ అందులో పట్టలేదు.

సంయుక్త వచ్చింది ఆ రోజుల్లోనే. చిక్కడపల్లి పిల్ల. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీలో చేరింది, మధ్యలో పెళ్ళయింది, పాప పుట్టింది. పాపను తల్లి దగ్గర వదిలి వచ్చి, మాట మాటకూ ఫోను తీసి చూసుకునేది. బస్తీ ఆడవాళ్ళ మానసిక ఒత్తిడి ఆమె విషయం. ఆమెకు దారి చూపే ప్రొఫెసర్ ఇంద్రసేన సారుకు ఒక సిద్ధాంతం ఉంది. పేదవాళ్ళకు ఒత్తిడి ఎక్కువ, ఊపిరి సరిగ్గా పీల్చకపోవడం వల్ల అది ఇంకా ఎక్కువ అని. కాబట్టి ముందు ప్రశ్నలడిగి ఒత్తిడి కొలవాలి. ఆ తర్వాత కొన్ని నెలలు ఊపిరి పాఠాలు చెప్పాలి. చివర్న మళ్ళీ కొలవాలి. తేడా చూడటానికి ఇంకో బస్తీకి పాఠాలు చెప్పకుండా ఊరికే కొలవాలి. ఆ రెండోది కాచిగూడ స్టేషను వెనక, మాసమ్మ చిన్నమ్మ బిడ్డ కురుమమ్మ ఉండే బస్తీ. అక్కడ మ్యాన్‌హోల్‌కు ఇనప మూత ఉండేది. ఇనుము కాబట్టి ఎవరో ఎత్తుకపోయి తూకానికి అమ్ముకున్నారు. ఈ చిన్న పోలిక పరిశోధన వాళ్ళ కంట పడలేదు.

మొదటి రోజు మాసమ్మ మొట్టమొదటిసారిగా మర్యాద పక్కన పెట్టింది. మనసుకు కలత ఎంత ఉందని అడిగితే "చాలా ఎక్కువ" అంది. నిద్ర పట్టకపోవడం, చాలా ఎక్కువ. ఊరికే ఉలిక్కిపడటం, చాలా ఎక్కువ. కారణాలు చదివి వినిపించింది సంయుక్త. భర్త తాగుడా, అప్పులా, అత్త పోరా, జబ్బులా?

"మూత, బిడ్డా" అంది మాసమ్మ.

సంయుక్త కాగితం అటూ ఇటూ తిప్పింది. తానూ తల్లే కాబట్టి గుమ్మంలోకి వెళ్ళి ఆ గుంతను ఒకసారి చూసింది, వచ్చి తల్లికి ఫోను చేసి పాప ఏం చేస్తున్నదని అడిగింది. తర్వాత 'ఇతరములు' పక్కన టిక్కు పెట్టింది. వేరే చోటు లేదు మరి.

ఊపిరి పాఠాలు గుడి అరుగు మీద జరిగేవి. కళ్ళు మూసుకుని, నిండా పీల్చి, కాసేపు ఆపి, మెల్లగా వదలాలి. నాలా పక్కన నిండా పీల్చమనడం కొంచెం పెద్ద మాటే. పీల్చడంలో అందరూ వెనకబడ్డారు గాని, ఆపడంలో మాసమ్మ గల్లీ వాళ్ళు ఇంద్రసేన సారునే ఆశ్చర్యపరిచారు. ఎన్నేళ్ళ సాధన అది! పాఠం మధ్యలో మాసమ్మ ఒక కన్ను తెరిచి చింటును చూసుకునేది. "అక్కా, కండ్లు మూస్కోవాలె" అని సంయుక్త మెల్లగా అనేది. అని, తన ఫోను తాను చూసుకునేది.

2013లో ఒక బంద్ రోజున చౌరస్తాలో తగలబెట్టడానికి టైర్లు చాలక పిల్లలు గల్లీల్లోకి వచ్చారు. మ్యాన్‌హోల్ మీది టైరు కూడా ఉద్యమానికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మాసమ్మ పొయ్యి ఊదుకుంటూ చెవి ఒగ్గితే ముడి చప్పుడు లేదు. వచ్చి చూస్తే చీర పీలిక మంచం కోడుకే ఉంది, రెండో కొసలో చింటు లేడు.

వాడు మ్యాన్‌హోల్ అంచున గొంతుకూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క గులకరాయీ లోపల వేసి, బుడుంగుమనగానే మెడ ముందుకు చాపి నవ్వుతున్నాడు. మాసమ్మ పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడతాడని తెలుసు. వెనక నుంచి పోయి నడుము పట్టి ఎత్తుకుంది. ఇంట్లోకి వచ్చాక వాణ్ణి ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది. మంగ పని నుంచి వచ్చి పొయ్యి మీది కూర మాడిందేమని అడిగితే చెప్పలేదు. ఆ రాత్రి ఊపిరి పాఠంలో చెప్పినట్టు పీల్చి, ఆపి, వదిలి చూసింది. ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్నే సంయుక్త పరుగున వచ్చింది. డబ్బిచ్చిన ఢిల్లీ వాళ్ళు ఆ రోజే బస్తీ చూడ్డానికి వస్తున్నారట, సారు వెంటబెట్టుకొస్తున్నారట. వాళ్ళు వచ్చేసరికి రెండో విడత ప్రశ్నలు నడుస్తూ ఉండాలి. ఈ గల్లీ వాళ్ళు జవాబివ్వకపోతే ఇన్నాళ్ళ పని నాలాలో కలుస్తుంది, ఫెలోషిప్పు ఆగిపోతుంది. పాపకు రాత్రి నుంచి జ్వరమని కూడా చెప్పి, గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంది.

మాసమ్మకు జాలేసింది. ఇంటికొచ్చిన మనిషి ఏడుస్తుంటే జవాబివ్వననడం ఆమె వల్ల కాదు. కాని చేతుల్లో ఇంకా చింటు నడుము బరువు ఉంది. కాసేపు ఆలోచించి, మంచం ఎత్తి నిలువునా పట్టుకుంది.

"చెప్త బిడ్డా. అన్నీ చెప్త. జర అక్కడ కూసుందాం దా."

గల్లీ మొదట్లో, గుంత అంచుకు ఆనించి మంచం వేసింది. దుప్పటి పరిచింది. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, పక్కన చేత్తో దులిపి, కూర్చోమంది. సంయుక్త కూర్చుంటే ఆమె చెప్పు ముందు జానెడు దూరంలో నల్లటి నీళ్ళు మెరుస్తున్నాయి.

"అక్కా, ఇక్కడ వాసన..." అంది సంయుక్త.

"నువ్వే నేర్పినవ్ గద ఆపుడు" అంది మాసమ్మ.

వెక్కిరింపు కాదు. నిజంగానే గుర్తు చేసింది. ఆ తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ మంచాలూ పీటలూ తెచ్చి గుంత చుట్టూ వేసుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మర్యాదగా, వరసగా, చాయ్ గ్లాసులతో సహా కూర్చున్నారు. గల్లీ మూసుకుపోయింది.

అశోక్‌నగర్‌లో గల్లీ మూసుకుంటే మొదట ఆగేవాళ్ళు పరీక్షల పిల్లలు. జిరాక్సు నోట్సు చంకన పెట్టుకుని క్లాసులకు పోయేవాళ్ళు నలుగురాగారు, నలభైమందయ్యారు. ఒకడు ఇది జీవించే హక్కు కిందికి వస్తుందన్నాడు. ఇంకొకడు కాదు, ఆదేశిక సూత్రాల కిందికి వస్తుంది, పోయిన గ్రూప్-టూలో బిట్టు కూడా వచ్చిందన్నాడు. మూడోవాడు ఇద్దరిదీ తప్పన్నాడు. రాజ్యాంగం మొత్తం తిరగేశారు గాని మూత ఏ పేజీలోనూ దొరకలేదు. వాళ్ళ వెనక బండ్లు, బండ్ల వెనక హారన్లు, హారన్ల వెనక యూనివర్సిటీ తెల్ల కారు.

ఇంద్రసేన సారు దిగి వచ్చారు. మంచి మనిషే. గద్దించడం చేతకాదు. సంయుక్తను పక్కకు పిలిచి, ఇంట్లో కూర్చుని అడగవలసినవి రోడ్డు మీద అడగడమేమిటమ్మా అని గొణిగారు. అంతలో ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఫోటో కోసం రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోది వేయబోతుంటే మాసమ్మ కూర్చున్న చోటి నుంచే అతని కోటు అంచు పట్టి గుంజింది. అతను వెనక్కి తిరిగి కిందికి చూశాడు. ఆ తర్వాత చాలాసేపు ఫోటో తీయలేదు.

సారు ఒక ఫోను చేశారు. తన దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు పెద్ద ఇంజనీరట. ఫోనులో అతని పిల్లల చదువు గురించి కాసేపు మాట్లాడి, ఆ తర్వాత మూత గురించి రెండు మాటలు మాట్లాడారు. రెండో విడత చాయ్ మరగకముందే ట్రాలీ ఆటోలో కొత్త మూత వచ్చింది. పైపు ఎవరిదని గాని, మూత ఎవరిదని గాని దాన్ని ఎవరూ అడగలేదు. నలుగురు మనుషులు దించి, దడేలున పెట్టి, చుట్టూ సిమెంటు పూసి వెళ్ళిపోయారు.

మాసమ్మ ఆ మూతను చూడలేదు, సారు జేబులోకి పోతున్న ఫోనును చూసింది. ఇన్నేండ్లుగా ఇన్ని ప్రశ్నలతో వచ్చిన అందరి చేతుల్లోనూ ఒక ఫోను ఉండేది.

ఆ రోజు జవాబులు చకచకా సాగాయి. కలత, తక్కువ. ఉలికిపాటు, తక్కువ. నిద్ర ఇంకా పోలేదు గాని, పడుతుందనే అంది. గల్లీ అంతా అదే జవాబు. సంయుక్త చివరి ప్రశ్నకు వచ్చింది. ఊపిరి పాఠాలు మీకు ఉపయోగపడ్డాయా?

ఆ పిల్ల పొద్దుటి నుంచి నీళ్ళు కూడా తాగలేదు. ఇంటి దగ్గర పాపకు జ్వరం. మూత పడిన సంతోషంలో మాసమ్మలోని పాత మర్యాదంతా పొంగి వచ్చింది.

"మస్తు పనికొచ్చినయ్ బిడ్డా" అంది. పక్క మంచాల వాళ్ళు కూడా తలలూపారు. అడిగిన మనిషిని వట్టి చేతులతో పంపుతారా ఎవరైనా?

అంకెలు చూసి ఇంద్రసేన సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. ఊపిరి పాఠం చెప్పిన చోట ఒత్తిడి సగానికి సగం పడిపోయింది. చెప్పని కాచిగూడ వెనక ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇంతకంటే స్వచ్ఛమైన రుజువు ఆయన ఉద్యోగ జీవితంలో చూడలేదు. సంయుక్త నీతి గల పిల్ల కాబట్టి, నడుమ మూత పడిన సంగతి ఒక పేరా రాసింది. సారు కోప్పడకుండానే ఆ పేరా కొట్టేశారు. "మూతకు ఎవరు నిధులిస్తరమ్మా? ఊపిరికి ఇస్తరు" అన్నారు. ఢిల్లీ వాళ్ళు ఇచ్చారు కూడా.

డిగ్రీ వచ్చాక సంయుక్త నారాయణగూడలో మిఠాయి డబ్బా కొనుక్కుని వచ్చింది. పాపనూ తెచ్చింది. పాప, చింటు కలిసి మూత మీద ఎగురుతుంటే సంయుక్తా మాసమ్మా గుమ్మంలోనే కూర్చున్నారు.

"అందుల మూత ముచ్చట రాసినవా?" అని అడిగింది మాసమ్మ.

"రాసిన అక్కా. తీసేసిన్రు."

"పోనీ తీయ్. మూత అయితె ఉంది గద." మాసమ్మ డబ్బాలోంచి రెండు ముక్కలు తీసి, పెద్దది పాప చేతిలో పెట్టింది.

ఆ సంగతి అక్కడితో అయిపోయేదే. కాని రెండు నెలలు తిరక్కుండానే కాచిగూడ నుంచి చెల్లెలు కురుమమ్మ రొప్పుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే చాయ్ వద్దంది. అంటే కోపమన్న మాట.

"నువ్వేం జెప్పినవే వాళ్ళకు? మా గల్లీల బర్రెదూడ పడ్డది గుంతల. పోరగాండ్లను తోల్కొని నీళ్ళకు పోవాలంటె పాణం పోతున్నది. యూనివర్సిటోళ్ళొచ్చిన్రంటె మూత గావాలన్న. వాళ్ళేమన్నరో తెల్సా? అశోక్‌నగర్ల మాసమ్మక్కోళ్ళకు ఊపిరితోనే అన్నీ తక్కువైనయంట. మేం గూడ పీల్చాల్నంట."

సంయుక్త మొహం వాడిపోయి ఉందని మాసమ్మ ఇచ్చిన ఒక్క మంచి మాట. అది కాచిగూడ దాకా నడిచిపోయి, తన చెల్లెలి మనవళ్ళ దారిలో మూత లేకుండా కూర్చుంది. బయట చింటు మూత మీద దబదబ తొక్కుతున్నాడు. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ చెవికి పాటలా వినిపించేది. ఇప్పుడు ఎత్తిపొడిచినట్టు ఉంది.

"మళ్ళెప్పుడొస్తరు వాళ్ళు?"

"రేపే."

"ఇంట్ల మంచముందా?"

"కుక్కిదుంది. ఎందుకు?"

"కుక్కిదాన్ల కూసోబెడ్తవా ఇంటికొచ్చినోళ్ళను?" మాసమ్మ లేచి తన నవారు మంచం మీది బొంత తీసి, దులిపి, మడత పెట్టింది. ఎక్కడ వేయాలో, ఎంత దగ్గరగా వేయాలో చెప్పింది. ఊపిరి పిల్లలు మంచివాళ్ళేనని, వాళ్ళను ఒక్క మాట అనొద్దని చెప్పింది. వాళ్ళ పెద్దసారు దిగేదాకా లేవొద్దని, ఆయన జేబులో ఫోను ఉంటుందని చెప్పింది.

"పాలుంటె చాయ్ పొయ్యి" అంది చివరికి. "జవాబు మాత్రం ఉన్నదే చెప్పు. నేను గూడ వస్త, నా జవాబు మార్చి చెప్పేదుంది."

ఇద్దరూ మంచం చెరో కొసా తలకెత్తుకున్నారు. నడుమ చింటు ఆ మంచం నీడలోనే ఉండేట్టు వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది మాసమ్మ. అశోక్‌నగర్ గల్లీలో జిరాక్సు కాగితాల పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. వాళ్ళలో ఒకడు ఆ మంచాన్ని గుర్తుపట్టాడు.

"అవ్వా, ఈసారి ఏ గల్లీ?" అన్నాడు.

"కాచిగూడ" అంది మాసమ్మ, నడక ఆపకుండా.